‘కుబ్బా’: గుడారమా, గుమ్మటమా?

సంఖ్యాకాండము 25:8లో ఫీనెహాసు ఈటె పట్టుకొని ఎక్కడికి వెళ్లాడు? మన తెలుగు బైబిలు ‘పడకచోటు’ అంటుంది. హెబ్రీ మూలంలోని మాట ‘కుబ్బా’. పాత నిబంధన అంతటిలో ఇది ఈ ఒక్క వచనంలోనే కనిపిస్తుంది. పోల్చి చూసేందుకు మరొక వచనం లేకపోవడమే అసలు చిక్కు.

పూర్వపు అనువాదకులు కూడా తడబడ్డారు. సెప్టువజింతు గ్రీకులో దీనిని ‘కొలిమి’ అన్నది. లాటిన్ వుల్గాత ఏకంగా ‘వేశ్యాగృహం’ అన్నది! యూదు వ్యాఖ్యాత రాషీ మాత్రం ‘గుడారం’ అని సరిపెట్టాడు.

ఈ మాటకు దగ్గరి చుట్టం అరబీలో ఉంది. అక్కడ ‘కుబ్బా’ అంటే నేడు గుమ్మటం, గుమ్మటమున్న సమాధి. క్రీ.శ. 691-92లో ఖలీఫా అబ్దుల్ మలిక్ యెరూషలేములో పూర్తి చేయించిన కట్టడం పేరు ‘కుబ్బతుస్సఖ్రా’, అనగా బండమీది గుమ్మటం. ఇదే మాట ‘అల్-కుబ్బా’ రూపంలో స్పెయిను చేరి ‘అల్కోబా’ అయి, అక్కడ పడకగది అనే అర్థం తెచ్చుకున్నది. ఇంగ్లీషువారి ‘ఆల్కోవ్’ దాని సంతానమే. (మన ‘గుమ్మటం’ వేరు, అది పారసీక ‘గుంబద్’ నుండి వచ్చింది.)

అయితే రాతి గుమ్మటానికి ముందే అరబ్బులకు తోలు కుబ్బా ఉండేది. ఇస్లాముకు ముందు కొన్ని తెగలు తమ పవిత్ర శిలలను ఎర్రతోలు గుడారంలో ఉంచి, ఒంటెపై మోసుకుపోయేవారని అరబీ రచనలు చెబుతాయి. పల్మీరాలోని బేలు దేవాలయంలో, క్రీ.శ. మొదటి శతాబ్దపు శిల్పంలో, ఒంటెపై అటువంటి చిన్న గుడారం కనిపించేది. ఆ దేవాలయాన్ని 2015 ఆగస్టులో ఐసిస్ పేల్చివేసింది.

వీటి ఆధారంగా మోర్గెన్‌స్టెర్న్, క్రాస్ వంటి పండితులు ప్రత్యక్షపు గుడారాన్నే ఈ కుబ్బాతో పోల్చారు. 1971లో స్టీఫన్ రీఫ్ సంఖ్యాకాండములోని కుబ్బాను మిద్యానీయురాలైన కొజ్బీకి సంబంధించిన పూజాగుడారంగా భావించాడు. అదే నిజమైతే ఫీనెహాసు రోషానికి కారణం వ్యభిచారం మాత్రమే కాదు. సమాజమంతా ప్రత్యక్షపు గుడారపు ద్వారమున ఏడ్చుచుండగా, పాళెములోనే మరొక దేవతకు చోటు దొరకడం. మూడవ వచనంలోని బయల్పెయోరు ప్రస్తావనతో ఇది చక్కగా పొసగుతుంది.

అయినా తొందరపడరాదు. పల్మీరా శిల్పానికీ మోషే కాలానికీ మధ్య వెయ్యేండ్లకు పైగా దూరం. ‘గుండ్రని కప్పుగల గుడారం’ అనేంతవరకు నిస్సంకోచంగా చెప్పవచ్చు. పూజాగుడారమనేది బలమైన ఊహ, ఊహ మాత్రమే. ‘పడకచోటు’కు మాత్రం ఆధారం మాటలో లేదు. ఆ అర్థం సన్నివేశం నుండి వచ్చింది. వచనం చివర అదే ధ్వనిగల ‘కోబా’, అనగా కడుపు, అనే మాట ఉంది. ఈటె కుబ్బాలోనికి వెళ్లి కోబాలో దిగింది. గ్రంథకర్త ఈ అరుదైన మాటనే ఎన్నుకోవడానికి ఈ శ్లేష కూడా ఒక కారణమేమో.