జాతిశబ్దము - గూడూరుసీమ

జాతి యను శబ్దము తెలుఁగున రెండర్థములఁ జెల్లుచున్నది. ఆంధ్రజాతి యన్నచో నేకభాషాబద్ధమైన జనసముదాయమును, తక్కువజాతి యన్నచోఁ బుట్టుకచే నేర్పడిన కులమును బోధపడును. పదమునకర్థము జాతియా, వ్యక్తియా యని వాజప్యాయన వ్యాడులకుఁ గల వాదము వైయాకరణులకుఁ గొత్త కాదు. వ్యక్తులనెల్లఁ గలుపు ధర్మమే శాస్త్రమున జాతి. వాడుకలో నది విడఁదీయుటకును బనికివచ్చినది. ఇంగ్లండున డిజ్రేలీ 1845 లోఁ బ్రకటించిన 'సిబిల్' నవలకు 'రెండు జాతులు' అను ఉపనామ ముంచి, ధనికదరిద్రులు రెండు జాతులై యున్నారని చూపెను. ఇచ్చట నట్టి రూపకముతోఁ బని లేదు. నిఘంటువే యాపని చేసి పెట్టినది.

1913 లో బాపట్లలోఁ బ్రథమాంధ్రమహాసభ జరిగినది. భాష యొకటి గనుక జాతి యొకటి యనుట యాయుద్యమమునకు మూలము. ముందు నిలిచినవారు న్యాయవాదులు, పత్రికాధిపతులు, విద్యావంతులు.

గూడూరు మొదలుకొని శ్రీహరికోటవఱకు (నేఁడిది రాకెట్లకుఁ బేరొందినది) నెల్లూరితీరమున నివసించు యానాదులకును దెలుఁగే యింటిభాష. భాషయే ప్రమాణమైనచో వీరి యాంధ్రత్వమునకు వేఱు సాక్ష్య మేల? కాని వీరిలోఁ గొందఱు నేరస్థజాతుల చట్టమునకు లోఁబడిరి. అచ్చటను జాతిశబ్దమే! దేశమంతట నాచట్టము 1952 నాఁటికిఁ గాని తొలఁగలేదు. ఇఁక వీరి పలుకు పండితులకు గ్రామ్యము. చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమున సూత్రించినది కావ్యభాషను. ఆలక్షణమును మనుష్యుల యోగ్యతకుఁ గొలఁతగాఁ జేసినవారు తరువాతివారు. ఈతప్పు సూత్రములది కాదు.

నెల్లూరిలో నీరెండర్థములు నొక్కపురుషుని జీవితమున నెదురుపడినవి. పొట్టి శ్రీరాములు 1946 లో మూలాపేట వేణుగోపాలస్వామి యాలయమున హరిజనుల ప్రవేశమునకై నిరాహారదీక్ష పూనెను. ఆయనయే 1952 అక్టోబరు 19 న మద్రాసులో బులుసు సాంబమూర్తి యింట నాంధ్రరాష్ట్రమునకై దీక్ష కారంభించి డిసెంబరు 15 న అసువులు బాసెను. 1953 అక్టోబరు 1 న రాష్ట్ర మవతరించినది. చరిత్రకారులు రెండవదీక్షకు నధ్యాయములు వ్రాసి మొదటిదానిని స్థానికవృత్తాంతముగ నొకవాక్యమున దాఁటుదురు. ఇది తగదు. ఆంధ్రు లెవరను ప్రశ్నకు మూలాపేట గుడివాకిట నీయఁబడిన యుత్తరము మద్రాసులో నీయఁబడినదానికంటెఁ బూర్వము, విశాలతరము.

యానాదుల చరిత్రను సమగ్రముగఁ గూర్చినవాఁడు నెల్లూరిసీమలో వారికై పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్య. ఆయన గ్రంథము 1962 లో వెలువడినది. అది యాంగ్లమున నున్నది.