పాత ఇందూరుకు నీడ కావాలి

బోధన్ చుట్టుపక్కల చెరుకుకు ప్రాణం పోసింది నిజాంసాగర్ నీళ్లే. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ చేతుల మీదుగా మంజీర మీద లేచిన ఆ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. కాలువ వెంట చెరుకు, చెరుకు వెంట 1937లో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ వెంట క్వార్టర్లు, వాటి చుట్టూ చెట్లు వచ్చాయి. నిజామాబాద్‌కూ బోధన్‌కూ నడుమ ఉన్న అలీసాగర్ తోట కూడా ఆ కాలందే. నాటించినవాళ్లే నీళ్లు పోయించారు. వాళ్లు పోయాక ఆ చెట్లకు దిక్కెవరని అప్పుడెవరూ అడగలేదు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. కార్మికుల జీతాలతో పాటే తోటపనీ ఆగింది.

మా ఇందూరులో, అదే నిజామాబాద్‌లో, అన్ని తోటలకూ ఆ గతి పట్టలేదు. తిలక్ గార్డెన్‌కు ఇంకా ఆదరణ ఉంది. నా బాధంతా పాత వాడల్లోని చిన్న జాగాల గురించి.

ఇది బీడీల ఊరు. మధ్యాహ్నం ఏ గల్లీలోకి వెళ్లినా అరుగు మీద నలుగురు ఆడవాళ్లు కనిపిస్తారు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. ఎండ జరిగినకొద్దీ వాళ్లూ చాట పట్టుకుని గోడవారకు జరుగుతుంటారు. మా వాడలో పార్కు నాలుగడుగుల దూరమే, కానీ ఆ వేళకు గేటుకు తాళం. పొద్దున, సాయంత్రం వాకింగ్‌కు వచ్చేవాళ్ల కోసమే తెరుస్తారు. లోపల టైల్స్ బాట, మోకాలెత్తు క్రోటన్లు. ఉన్న ఒక్క వేపచెట్టు మొదలు చుట్టూ సిమెంటు బిగించారు, వాన నీరు ఇంకడానికి బెత్తెడు మట్టి లేదు. బీడీలు చుట్టేవాళ్లకు కావలసింది నీడ, ఒక నల్లా, మరుగుదొడ్డి. ఆ పార్కు గీసిన రోజు వాళ్లను ఒక్క మాట అడిగి ఉంటే చాలు.

అడగాలని చట్టమే చెబుతోంది. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలి, ఒక్కోదాంట్లో 15 మంది. మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. మొక్క బతికేది ఎక్కడ? దాని నీడలో రోజూ కూర్చునే మనిషి ఉన్నచోట. సర్కారు మొక్కల కార్యక్రమం హరితహారంలో పట్టణాల నిండా నాటిన కోనోకార్పస్‌ను తర్వాత సర్కారే వద్దంది. బతుకమ్మ పేర్చే ఆడబిడ్డలను అడిగితే తంగేడు, గునుగు పెరగనిమ్మని మొదటే చెప్పేవారు. శుభ్రం పేరుతో మనం పీకేసినవి ఆ పొదలే.

పార్కులకే కాదు, చెరువు కట్టకూ ఇదే మాట. కవి దాశరథి ఖైదీగా ఉన్న ఖిల్లా గుట్ట కింద రఘునాథ చెరువు ఉంది. దాన్ని మినీ ట్యాంక్‌బండ్ చేసే పని చేపట్టారు. కట్ట మీద లైట్లు, రెయిలింగు మంచివే. కట్ట దిగువ వాలునైనా తంగేడుకూ వేపకూ వదలాలి. వార్డు కమిటీ మధ్యాహ్నం రెండింటికి, బీడీల చాటలున్న అరుగు దగ్గరే కూర్చోవాలి. మా పార్కు తాళంచెవి ఒకటి ఆ ఆడవాళ్ల చేతికివ్వాలి.