బోధను: ఒక చెఱకు సీమ చరిత్ర



ఊరి చరిత్ర చెప్పువారు సాధారణముగా రాజుల పేళ్లతో నారంభింతురు. నేను నీటితో నారంభించెదను. నిజామాబాదునకు పడమరగా బోధను పట్టణ మున్నది. ఆ సీమకు పడమట మంజీర, ఉత్తరమున గోదావరి ప్రవహించుచున్నవి. కందకుర్తి యొద్ద ఈ రెండింటితో హరిద్రానదియు కలియుటచే దానిని త్రివేణీసంగమ మందురు. ఇట్లు నదులు చెంతనే యున్నను, కాలువ లేక ఆ నీరు పొలమున కెక్కదు.

ఊరు మిక్కిలి ప్రాచీనమైనది. బౌద్ధ వాఙ్మయము పేర్కొనిన షోడశ మహాజనపదములలో అశ్మక మొకటి. దాని రాజధానియగు పోదనమే నేటి బోధనని పలువురు పండితుల మతము. వేములవాడ చాళుక్యరాజగు యుద్ధమల్లుడు పోదనమున నూనె నింపిన దిగుడుబావిలో ఏనుగులకు స్నానము చేయించెనని ఆ వంశపు శాసనములు కొనియాడుచున్నవి. నూనెబావి రాజవైభవమునకు గుర్తు కావచ్చును గాని, పైరునకు కావలసినది నీరే గదా!

ఆ నీరు ఇరువదవ శతాబ్దమున వచ్చినది. మంజీరపై నిజాంసాగరు నిర్మాణము 1923లో నారంభమై 1931లో ముగిసెను. నవాబు అలీ నవాజ్ జంగు దానికి రూపకల్పన చేసిన ఇంజనీరు. సుమారు 2,75,000 ఎకరములకు నీరిచ్చుట దాని యుద్దేశము. కాలువలు పాఱగనే, కాలువ సేద్యము నెఱిగిన కోస్తా జిల్లాల రైతులు పలువురు ఇచటికి వలస వచ్చిరి. వారు విడిసిన చోట్లు కొన్ని ఊళ్లై నేటికిని ‘క్యాంపు’ అను పేరుతో నున్నవి.

పిమ్మట 1937లో నిజాం చక్కెర కర్మాగారము బోధనున స్థాపింపబడెను. దానితో శక్కర్‌నగర్ అను పేట వెలసెను. కర్మాగారము చేలకు దాపున నుండుటకు కారణము మీరెఱుగనిది కాదు. చెఱకు ధాన్యము వంటిది కాదు. గాదెలో పోసి మంచి ధర వచ్చువఱకు ఆగుటకు వీలులేదు. కొట్టిన గడ నిలువయున్నకొలది ఎండి తూకము తగ్గును, అందలి చక్కెరయు క్షీణించును. పూర్వము ఎడ్లగానుగ రైతు కళ్లముననే యుండెడిది. తన బెల్లము తానే వండుకొనెడివాడు. కర్మాగారము వచ్చి పెద్ద కొనుగోలుదారు దొరికెను గాని, ఏడాది కష్టఫల మొక్క వాకిటిపై నాధారపడెను.

ఆ యాధారము క్రమముగా సడలెను. జలాశయమున పూడిక చేరి నీటి నిలువ తగ్గెను. 2002లో కర్మాగారపు అధికభాగము ప్రైవేటువారి పరమయ్యెను. 2015 డిసెంబరులో అది మూతపడెను. పనివారు జీతములు కోల్పోయిరి. చెఱకు వేసినవారు దూరపు కర్మాగారములకు గడను తోలవలసి వచ్చెను. బండికూలి పెరిగి, దారిలో తూకము తగ్గి, పలువురు చెఱకు మాని వరికి మరలిరి.

బోధను ఎందఱో రాజుల రాకపోకలను చూచి నిలిచినది, ఇకముందును నిలుచును. అయినను దాని చరిత్రలో నాకు ముఖ్యముగా తోచున దొక్కటి. చేనికి నీరిచ్చు కాలువయు, పంటను కొను వాకిలియు రెండును రైతు చేతిలోనివి కావు. వీనిలో ఏ యొకటి మూతపడినను సారవంతమైన నేల సైత మొంటరి యగును. మీ గ్రామమున క్రొత్త పైరు వేయు యువకులు సలహా కోరి వచ్చినపుడు, నేల గుణముతో పాటు ఈ రెండింటిని గూర్చియు విచారింపుడని వారికి చెప్పుదురు గాక.