గృహస్థులైన విద్యార్థులు



విద్యాభ్యాసమునకు బాల్యమే తగిన కాలమనియు, సంసారభారము తలకెత్తుకొన్న పిమ్మట పుస్తకము పట్టుట వేళదప్పిన పనియనియు మన గ్రామములలో పలువురి యభిప్రాయము. దీనికి శాస్త్రప్రమాణమున్నదని కూడ కొందరందురు. కాని ఛాందోగ్యోపనిషత్తునందలి యొక కథ చిత్తగింపుడు. ప్రాచీనశాలుడు మున్నగు నైదుగురు గృహస్థులు, పెద్ద లోగిళ్ళుగలవారు, శ్రోత్రియులు, ఆత్మ యెట్టిదను విచారణలో పడి ఉద్దాలకుని కడకు బోయిరి. తనకును అది సమగ్రముగా తెలియదని యాయన గ్రహించి, వారిని వెంటబెట్టుకొని కేకయరాజగు అశ్వపతి యొద్దకు వెళ్ళెను. మరునాటి యుదయమున ఆ యార్గురును సమిధలు చేతబూని, బ్రహ్మచారులవలె రాజు నెదుట నిలిచిరి. రాజు వారికి ఉపనయనము చేయకయే బోధింప మొదలిడెను. ఈ కడపటి మాటను మనస్సున నుంచుకొనవలెను. దీనితో మరల పనిబడును.

ఇక మన కాలమునకు వత్తము. 1857వ సంవత్సరమున చెన్నపురి విశ్వవిద్యాలయ మేర్పడెను. నాటినుండి పట్టమనునది ఉద్యోగమునకు తాళపుచెవి యయ్యెను. మెట్రిక్యులేషను తొలి మెట్టు, ఎఫ్.ఏ. రెండవది, బి.ఏ. మూడవది. కలిగిన యింటి బిడ్డలు కళాశాలయున్న పట్టణమున నిలిచి మూడు మెట్లును వరుసగా నెక్కిరి. లేనివారు మొదటి మెట్టుపైననే ఆగి, ఏ కచ్చేరీలోనో, బడిలోనో కుదురుకొనిరి. అట్టివారిలో కొందరు కొలువు విడువకయే, ఇంటియొద్ద చదివి, ప్రయివేటుగా పరీక్షలకు బోయిరి. వీరిలో ఒక్కరి చరిత్ర నేడు కొంత విరివిగా చెప్పెదను.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన ముఖలింగ క్షేత్రమునకు సమీపమున గల పర్వతాలపేటలో జన్మించిరి. 1875లో తండ్రి వీర్రాజుగారు గతించిరి. పండ్రెండేండ్ల బాలునకు బంధువుల యాశ్రయమే దిక్కయ్యెను. విజయనగరమున చదివిరి. గురజాడ అప్పారావుగారు అచట వారికి సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషను ముగిసెను. ఆ యేడే వివాహమును జరిగెను. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా ప్రవేశించిరి. అప్పటికి పదునేడవ యేడు.

బడి ముగిసినపిదప పిల్లలు ఆటలకు బోవుదురు. పంతులు ఇంటికి వచ్చి తన పాఠమునకు కూర్చుండవలెను. పగలు తాను గురువు, రాత్రి తనకు తానే శిష్యుడు. అడిగి తెలిసికొందమన్న ఆచార్యుడు లేడు. సందేహము వచ్చినచో పుస్తకమే శరణ్యము. ఈ కష్టము బడిపంతుళ్ళకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. రామమూర్తిగారు ఇట్లు చదివి 1886లో ఎఫ్.ఏ. యందు కృతార్థులైరి. ఆ సంవత్సరముననే అప్పారావుగారు బి.ఏ. ముగించిరి. ఒక్క బడిలో చదివినవారిలో ఒకరు కడమెట్టు చేరునప్పటికి వేరొకరు నడిమెట్టున నుండిరి. బుద్ధిబలములో లోపమేమియు లేదు. కొలువు మోయుచు నడచుటయే భేదము.

బి.ఏ.కు చరిత్రమును ముఖ్యవిషయముగా గైకొనిరి. మొదటి రెండు భాగములు 1894లోను, మూడవది 1896లోను గట్టెక్కినవి. మెట్రిక్యులేషను మొదలు లెక్కించినచో పదునేడేండ్లు! అప్పటికి వారి వయస్సు ముప్పదిమూడు. 1885లో జన్మించిన కుమారుడు సీతాపతి పదునొకండేండ్లవాడై యుండెను. తండ్రియు కొడుకును ఒకే కాలమున చదువరులగుట ఆ లోగిలికి వింతగా దోచియుండదని నా తలంపు. చరిత్రమునెడ వారి యభిరుచి పరీక్షకొరకు అరువుదెచ్చుకొన్నది కాదు. ముఖలింగాలయ కుడ్యములపై నున్న గాంగరాజుల శాసనములను స్వయంకృషిచే చదువ నేర్చినవారు. పిమ్మట పై తరగతులకు బోధించు యోగ్యతయు వారికి లభించెను.

ఇచట నొక మాట. నేను గ్రాంథికము నేర్చి, గ్రాంథికము నేర్పి, ఇప్పుడును గ్రాంథికముననే మాటాడుచున్నవాడను. ఈ భాషను బడులనుండి తొలగించుటకై పోరాడినవారిలో పంతులుగారు అగ్రగణ్యులు. ఆ వాదమున నేను వారి పక్షమువాడను గాను. అయినను బడిపని చేయుచు పట్టము సాధించిన యీ పట్టుదలకు నమస్కరింపకుండ నుండలేను.

పట్టముతో వారి చదువు ముగిసినదా యన్నచో, లేదు. మన్యమందలి సవరల భాషను వారినోటనే నేర్చి, వారి పిల్లలకు వాచకములు వ్రాసి, సొంతసొమ్ముతో బడులు నడపిరి. ప్రభుత్వము పారితోషిక మీయబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. మన్యపు జ్వరమునకు పుచ్చుకొన్న క్వినైనా వలన చెవుడు సంప్రాప్తమయ్యెను. అది జీవితాంతము విడువలేదు. 1911లో కొలువు మానిరి. సవరభాషా వ్యాకరణము 1931లో వెలువడునప్పటికి వయస్సు అరువదియెనిమిది. 1940 జనవరి 22న పరమపదించిరి.

స్త్రీల విషయమున దారి మరింత ఇరుకు. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయిగారికి ఎనిమిదవ యేటనే వివాహమైనది. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు బోయివచ్చిన పిదప, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు స్వయముగా చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రాజనీతిశాస్త్రమభ్యసించి, 1942లో చెన్నపురిలో న్యాయశాస్త్రపట్టము బడసిరి. తాము నడచిన ముండ్లబాటను మరువలేదు. నడుమ చదువాగిన వయోజన స్త్రీలకొరకు కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో నెలకొల్పిన సంక్షిప్త విద్యాక్రమము వారి చలువయే. ఏండ్లకొలది చదువును కొలదికాలమున ముగించి పరీక్షకు కూర్చుండు ఏర్పాటది.

1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. భరతఖండమున ఈ తీరువానిలో ఇదియే మొదటిది. ప్రథమోపాధ్యక్షులు జి. రాంరెడ్డిగారు, 1985లో ఢిల్లీయందు ఇందిరాగాంధి పేర నేర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును వారే ప్రథమోపాధ్యక్షులైరి. 1991లో హైదరాబాదు విద్యాలయమునకు అంబేడ్కరు మహాశయుని పేరిడిరి. కింది తరగతుల యోగ్యతాపత్రము లేనివారును ప్రవేశపరీక్ష యొకటి వ్రాసి పట్టపు చదువులో చేరవచ్చునని ఆదియం దేర్పరచిరి. ఉపనయనము చేయకయే బోధించిన అశ్వపతి పద్ధతి యిదియే గదా! పాఠములు తొలుత తపాలాలో ఇంటికి వచ్చెడివి. సెలవుదినములందు అధ్యయనకేంద్రములలో బోధన జరుగును. పొలము దున్నువాడు, దుకాణము నడపువాడు, మనుమలనెత్తిన అమ్మ, ఒకే బల్లపై కూర్చుందురు. ఆ పాఠములలో కొన్నిటిని ఆకాశవాణియే, మీరు నామాట వినుచున్న యీ మార్గముననే, ఇల్లిల్లు చేర్చినది.