తూకానికి దొరకని బలం: జంషెడ్‌పూర్ చెప్పే చక్రాల చరిత్ర

కార్ల సామాన్లు అమ్మే దుకాణం ముందు మీరు ఎప్పుడైనా నిలబడ్డారా? అద్దాల వెనుక మిలమిల మెరిసే అల్లాయ్ చక్రాలు వరసగా వేలాడుతుంటాయి. స్పోర్ట్స్ కారున్నవారే కాదు, మామూలు కారున్నవారు కూడా వాటి వంక ఆశగా చూస్తారు. దుకాణదారు ఒక చక్రాన్ని అవలీలగా ఎత్తి మన చేతికిస్తాడు. "చూడండి సార్, ఎంత తేలికో! ఉక్కు చక్రం కన్నా గట్టిది కూడా" అంటాడు.

ఇందులో మొదటి మాట నిజమో కాదో తెలుసుకోవడానికి ఒక కాటా చాలు. రెండవ మాటను పరీక్షించడం ఎలా? బలాన్ని ఏ కాటాలో తూచాలి? ఈ ప్రశ్న స్పోర్ట్స్ కార్లతో పుట్టింది కాదు. దీని చరిత్రలో కొంత భాగం మన దేశంలోనే, ఉక్కు పట్టణం జంషెడ్‌పూర్‌లో నడిచింది. ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఉపాధి కోసం వెళ్లి స్థిరపడిన ఊరది. వాడుకలో దాన్ని "టాటా" అనే అంటారు. 2000 నవంబరు 15 దాకా బీహారులో ఉండేది. ఇప్పుడు జార్ఖండ్‌లో ఉంది.

బండి పట్టా, రైలు టైరు

టాటా ఇనుము, ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చి అనే పల్లె దగ్గర నిర్మించిన కర్మాగారంలో 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మె తయారైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరు పెట్టారు. ఆ తరువాతి కాలంలో ఈ కర్మాగారంలో రైళ్ల కోసం చక్రాలు, టైర్లు, ఇరుసులు తయారు చేసే విభాగం ఒకటి ఉండేది. ఉక్కు కర్మాగారంలో టైర్లేమిటని ఆశ్చర్యపోకండి. ఇక్కడ టైరు అంటే రబ్బరుది కాదు, ఉక్కు కడియం.

మన ఊళ్లలో ఎడ్లబండి చక్రానికి పట్టా వేయడం చూసినవారికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. కమ్మరి ఇనుప పట్టాను చక్రం కన్నా కాస్త చిన్నదిగా చేస్తాడు. ఎర్రగా కాలిస్తే అది వ్యాకోచిస్తుంది. అప్పుడు కొయ్య చక్రానికి తొడిగి నీళ్లు పోస్తాడు. పట్టా సంకోచించి, ఆకులన్నిటినీ ఒక్కటిగా బిగించేస్తుంది. పాతకాలపు రైలు చక్రం కూడా ఇంతే. మధ్య భాగం వేరు, దానిపై వేడిచేసి తొడిగిన ఉక్కు టైరు వేరు. టైరు అరిగితే దాన్ని మార్చుకుంటే సరిపోతుంది.

అయితే బండ్ల బరువు, వేగం పెరిగినకొద్దీ చక్రం నుంచి కోరేదీ పెరిగింది. కొత్త రకం రైలు పెట్టెలకు కావలసిన చక్రాలను జంషెడ్‌పూర్ విభాగం ఇవ్వలేకపోయింది. అక్కడ ఉత్పత్తి నిలిచిపోయింది. దుర్గాపూర్ ఉక్కు కర్మాగారం అవసరంలో కొంత భాగమే తీర్చగలిగేది. 1980ల మొదట్లో భారతీయ రైల్వేలు తమ చక్రాలు, ఇరుసులలో సగానికి పైగా విదేశాల నుంచి తెప్పించుకునేవి. అందుకే 1984లో బెంగుళూరు దగ్గర యలహంకలో రైల్వేలు సొంతంగా చక్రాల కర్మాగారం స్థాపించుకున్నాయి. చక్రం చూడడానికి ఎంతో మామూలు వస్తువు. కానీ ఉక్కు ఉన్నంత మాత్రాన మంచి చక్రం రాదని ఈ అనుభవం చెబుతోంది.

ఇరుసు ఎందుకు విరిగింది?

చక్రం బలం గురించిన శాస్త్రం ఒక ఘోర ప్రమాదంతో మొదలయింది. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలింజను ఇరుసు విరిగింది. బండి పట్టాలు తప్పి మంటలలో చిక్కుకుంది. యాభై మందికి పైగా మరణించారు. ఆ ఇరుసు మోయలేనంత బరువేమీ దాని మీద లేదు. అంతకు ముందు ఎన్నోసార్లు అదే బరువును మోసింది కూడా. మరి ఆ రోజే ఎందుకు విరిగింది?

జవాబును ప్రయోగాలతో రాబట్టినవాడు జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్. 1850ల చివరి నుంచి 1870 దాకా ఆయన ఇరుసులను, లోహపు కడ్డీలను వంగే బలం కింద తిప్పుతూ, ఎన్ని చుట్లకు విరుగుతాయో లెక్కపెట్టాడు. ఒక్క దెబ్బకు విరగని లోహం కూడా, అంతకన్నా చిన్న బలం లక్షల సార్లు పడితే విరుగుతుందని తేల్చాడు. దీనినే లోహశ్రాంతి అంటారు. ఒక తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరకు తెగినట్లే ఇదీను.

ఇప్పుడు మీ కారు చక్రాన్ని తలచుకోండి. టైరుతో కలిపి దాని వ్యాసార్థం 30 సెం.మీ. అనుకుందాం. కిలోమీటరుకు అది సుమారు 530 సార్లు తిరుగుతుంది. లక్ష కిలోమీటర్లు నడిచేసరికి 5 కోట్ల 30 లక్షల చుట్లు! ప్రతి చుట్టుకూ ప్రతి ఆకు మీద ఒకసారి భారం పడి, ఒకసారి తొలగుతుంది.

వోలర్ మరో ముఖ్యమైన విషయం గమనించాడు. ఉక్కుకు ఒక హద్దు ఉంది. ఒత్తిడి ఆ హద్దు దాటకపోతే ఎన్ని చుట్లు తిరిగినా అది దాదాపుగా విరగదు. అల్యూమినియంకు అంత స్పష్టమైన హద్దు లేదని తరువాత తెలిసింది. చిన్న ఒత్తిడి కూడా దాని ఆయుష్షులో కొంత తినేస్తూ ఉంటుంది. కనుక అల్యూమినియం చక్రాన్ని తయారు చేసేవాడు అది ఎన్ని చుట్లు తిరగాలో ముందే ఊహించి, అందుకు తగిన మందం ఇవ్వాలి. ఆ మందంలో కక్కుర్తి పడితే చక్రం తేలికవుతుంది. తగ్గిన ఆయుష్షు మాత్రం కొనేవాడి కంటికి కనబడదు.

తక్కువ ఉక్కుతో ఎక్కువ బలం

బరువు తగ్గించి బలం పెంచడం సాధ్యం కాదా అంటే, సాధ్యమేనని జంషెడ్‌పూరే చూపింది. 1943లో తెరిచిన హౌరా వంతెనకు సుమారు 26,500 టన్నుల ఉక్కు పట్టింది. యుద్ధం వల్ల ఇంగ్లండు నుంచి ఉక్కు రావడం కష్టమైంది. దాదాపు 23,000 టన్నులు జంషెడ్‌పూర్ నుంచే వెళ్లాయి. ఇందులో టిస్‌క్రోమ్ అనే అధిక బలం గల మిశ్రమ ఉక్కు ఉంది. మామూలు ఉక్కు కన్నా బలమైనది కనుక, అదే భారానికి పల్చని దూలాలు సరిపోతాయి. యుద్ధకాలంలోనే ఇక్కడి కవచపు పలకలను తొడిగిన సైనిక వాహనాలు "టాటానగర్" అనే పేరుతో ప్రసిద్ధికెక్కాయి. కవచం పల్చనైతే తూటా దిగుతుంది, మందమైతే బండి కదలదు. అక్కడా బరువుకూ బలానికీ మధ్య బేరమే.

1945లో టాటాలు ఈ ఊళ్లోని రైల్వే షాపులను కొని టెల్కోను ప్రారంభించారు. మొదట రైలింజన్లు, 1954 నుంచి జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలు తయారయ్యాయి. ఆ సహకారం 1969లో ముగిసింది. టెల్కో పేరు ఇప్పుడు టాటా మోటార్స్. లారీలు మాత్రం ఇప్పటికీ ఆ ఊళ్లో తయారవుతూనే ఉన్నాయి. చుట్టుపక్కల లారీలకు ఉక్కు చక్రాలు చేసే పరిశ్రమ కూడా ఉంది. పలకను ఒత్తి పళ్లెంలా చేసి, చుట్టిన రిమ్ముకు వెల్డింగు చేసిన చక్రం అది. గుంతలో పడితే ఉక్కు చక్రం సాధారణంగా సొట్టపోతుంది, తునగదు. అధిక భారంతో, గతుకుల దారిలో నడిచే లారీకి ఇది చిన్న గుణం కాదు.

రేసు కార్లు తెచ్చిన మార్పు

స్పోర్ట్స్ కారు కోరేది వేరు. 1924లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జరిగిన పందెంలో ఎటోరే బుగాటి తన టైప్ 35 కార్లకు పోత పోసిన అల్యూమినియం చక్రాలు బిగించాడు. ఎనిమిది వెడల్పాటి ఆకులు, వాటితో కలిసే ఉన్న బ్రేకు డ్రమ్ము ఆ చక్రం ప్రత్యేకత. తరువాత అమెరికా రేసు కార్లకు ఇంకా తేలికైన మెగ్నీషియం చక్రాలు వచ్చాయి. అయితే మెగ్నీషియం తేమకు, ఉప్పుకు త్వరగా తినిపోతుంది. రోజువారీ కార్లలో అది నిలదొక్కుకోలేదు.

1960ల మధ్యలో జర్మనీలోని ఫుక్స్ సంస్థ పోర్షే 911 కారు కోసం అల్యూమినియం దిమ్మెను అచ్చులో ఒత్తి, ఫోర్జింగు పద్ధతిలో చక్రం చేసింది. పోత పోసిన లోహంలో సన్నని గాలి బుడగలు మిగలవచ్చు. అలసట పగులు అక్కడే మొదలవుతుంది. కమ్మరి సమ్మెట దెబ్బలకు ఇనుము గట్టిపడినట్లే, ఒత్తిడితో మలచిన లోహంలో ఆ లోపాలు మూసుకుపోతాయి. కనుక ఫోర్జింగు చక్రాన్ని పోత చక్రం కన్నా పల్చగా చేసినా బలం చాలుతుంది. ధర మాత్రం ఎక్కువ.

లెక్క చూద్దాం

ఘన సెంటీమీటరు ఉక్కు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7, మెగ్నీషియం 1.74 గ్రాములు తూగుతాయి. అయితే బిగువు కూడా అదే వరసలో తగ్గుతుంది. ఉక్కుది 200 అనుకుంటే అల్యూమినియంది 70, మెగ్నీషియంది 45. బిగువును బరువుతో భాగించి చూడండి. మూడింటికీ జవాబు 25, 26 మధ్యనే వస్తుంది! అంటే ఏ లోహమూ ఉచితంగా ఏమీ ఇవ్వడం లేదు.

మరి లాభం ఎక్కడిది? మందంలో ఉంది. ఒకే బరువున్న ఉక్కు పలక, అల్యూమినియం పలక తీసుకుంటే, రెండవది దాదాపు మూడు రెట్లు మందంగా ఉంటుంది. పలక వంగకుండా నిలిచే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క వేస్తే అల్యూమినియం పలక ఎనిమిది రెట్లకు పైగా బిగువుగా ఉంటుంది. అల్లాయ్ చక్రాల ఆకులు అంత లావుగా ఉండడానికి కారణం ఇదే. భద్రత కోసం మందం మరీ పెంచితే పోత చక్రం ఉక్కు చక్రమంత బరువూ తూగవచ్చు.

తేలిక చక్రం వల్ల కారు ఎంత చురుకవుతుంది? 15 అంగుళాల రిమ్ము వ్యాసార్థం 19 సెం.మీ. అంచున ఉన్న ప్రతి కిలో ముందుకు సాగడమే కాక గిరగిరా తిరుగుతుంది కూడా. కనుక వేగం పుంజుకునేటప్పుడు అది సుమారు 1.4 కిలోలుగా లెక్కకు వస్తుంది. చక్రానికి 2 కిలోల చొప్పున నాలుగింటిలో 8 కిలోలు తగ్గిస్తే, కారులో 11 కిలోలు తగ్గినట్లు. వెయ్యి కిలోల కారుకు అది ఒక్క శాతం! అసలు మేలు మరొకటి. చక్రం బరువు స్ప్రింగుల కింద ఉంటుంది. అది తగ్గితే గతుకుల మీద టైరు నేలను వదలకుండా పట్టుకోగలుగుతుంది.

చూపుకు అందని పగులు

1998 జూన్ 3న జర్మనీలోని ఎషెడె వద్ద గంటకు సుమారు 200 కి.మీ. వేగంతో వెళ్తున్న రైలు ప్రమాదానికి గురై 101 మంది మరణించారు. అంతకు ముందు ఆ రైలుకు ఒకే దిమ్మెతో చేసిన చక్రాలు ఉండేవి. ప్రయాణంలో కుదుపు, హోరు తగ్గించడానికని వాటి స్థానంలో కొత్తరకం చక్రాలు బిగించారు. లోపలి చక్రానికీ, పైనున్న ఉక్కు టైరుకూ మధ్య రబ్బరు పొర ఉండే చక్రాలవి. ప్రతి చుట్టుకూ ఆ టైరు కొద్దిగా నొక్కుకుపోయి మళ్లీ సర్దుకునేది. పగులు దాని లోపలి వైపున, కంటికి కనబడని చోట మొదలయింది. ప్రమాదం తరువాత మళ్లీ ఏకఖండ చక్రాలకే మారారు. వెర్సాయ్ ప్రమాదం జరిగి 156 ఏళ్లయినా పాఠం మారలేదు. సౌకర్యం కోసం చక్రాన్ని మార్చినప్పుడు, కొత్తది ఎన్ని చుట్లు తట్టుకుంటుందో తేల్చుకోవాలి.

అందుకే నేడు కారు చక్రాలకు మూడు పరీక్షలు ఉన్నాయి. ఒకటి, వోలర్ చేసినట్లే వంగే బలంతో తిప్పడం. మలుపుల్లో పడే భారానికి అనుకరణ ఇది. రెండు, భారంతో డ్రమ్ము మీద దొర్లించడం. మూడు, దెబ్బ పరీక్ష. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చక్రాన్ని 13 డిగ్రీలు వాల్చి, 23 సెం.మీ. ఎత్తు నుంచి దిమ్మెను అంచు మీద వదులుతారు. దిమ్మె బరువు ఎంతన్నది చక్రం మోయవలసిన భారాన్ని బట్టి ఉంటుంది. 450 కిలోలు మోసే చక్రానికి 450 కిలోల దిమ్మె వాడాలి. 50 కిలోల బియ్యం బస్తా రెండు మీటర్ల ఎత్తు నుంచి పడితే తగిలే దెబ్బ ఎంతో, ఇదీ దాదాపు అంతే. మన దేశంలో తేలిక మిశ్రమ లోహపు చక్రాలకు ఐ.ఎస్. 16192 అనే ప్రమాణం ఉంది.

కనుక చక్రం కొనేటప్పుడు ముందు మూడు విషయాలు అడగండి. ప్రమాణ చిహ్నం ఉందా? ఎన్ని కిలోల భారానికి పరీక్షించారు? అది మీ కారుకు సరిపోతుందా? బరువు సంగతి ఆ తరువాత. పగిలిన అల్లాయ్ చక్రాన్ని వెల్డింగుతో అతికించి వాడకండి. వేడిచేసి, చల్లార్చి, పదును పెట్టి దానికి తెచ్చిన బలం ఆ మంటకు కరిగిపోతుంది. పైకి రంగు వేస్తే కొత్తదానిలాగే మెరుస్తుంది, అంతే.

దుకాణదారు చేతికిచ్చిన చక్రం తేలికగా ఉందా? సంతోషం. కానీ ఆ తేలికదనం మంచి లోహం వల్ల, మంచి పనితనం వల్ల వచ్చిందా, లేక ఉండవలసిన లోహం లేకపోవడం వల్ల వచ్చిందా? కాటా ఈ తేడా చెప్పలేదు. అలాంటి మరో చక్రాన్ని ఎక్కడో ఒక పరీక్షశాలలో విరిగేదాకా తిప్పి చూసినవారే చెప్పగలరు.