మద్యం ఆదాయం, మనోవైద్యం

పడమటి కనుమల పాదాన ఏలకుల బేరానికి పేరుపడ్డ ఊరు బోడినాయకనూరు. మదురై నాయకుల కాలంలో అదొక పాళెం. అక్కడి పాళెగాళ్ల పూర్వీకులు మన గుత్తి నుంచి వచ్చారని జమీందారీ కథనం. నేటికీ ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఆ ప్రాంతంలో ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఒకరికి మతి చలిస్తే పూర్వం ఎక్కడికి తీసుకువెళ్లాలి?

మద్రాసులో 1794లో మొదలైన పిచ్చాసుపత్రి ఉంది. ఆ పేరు ఆనాటిది, మన్నించండి. బోడి నుంచి సుమారు 500 కిలోమీటర్లు. కూలి మానుకుని తోడు వెళ్లేదెవరు? అందుకే దక్షిణ జిల్లాలవారు గుణశీలం గుడికో, ఏర్వాడి దర్గాకో వెళ్లేవారు. భక్తిని నేను తప్పుపట్టను. కానీ 2001 ఆగస్టు 6న ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమపు పాక అంటుకుంది. గొలుసులతో కట్టేసిన రోగులు కదలలేకపోయారు. 28 మంది మరణించారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది.

ఇక తాగుడు సంగతి. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం తెచ్చారు. పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను వేశారు. మనసుంటే ప్రభుత్వానికి డబ్బు దొరుకుతుందన్నమాట! 1971లో నిషేధం ఎత్తేశారు, మళ్లీ పెట్టారు, మళ్లీ తీశారు. 2003లో చిల్లర మద్యం దుకాణాలను తమిళనాడు ప్రభుత్వమే చేపట్టింది. అమ్మేవాడే సర్కారు అయినప్పుడు మాన్పించే ఖర్చు ఎవరిది?

ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. వాడికి నీతిబోధ కాదు, ఆసుపత్రిలో మంచం కావాలి. 2015-16 జాతీయ సర్వేలో మద్య వ్యసనపరుల్లో నూటికి 86 మందికి చికిత్స అందడం లేదని తేలింది.

దారి తెలియనిదేమీ కాదు. 1882 దాకా గుత్తి ఏ జిల్లాలో ఉండేదో ఆ బళ్లారిలోనే, 1980లలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇచ్చి, మందులు అక్కడే అందేలా చేసి చూపారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. 2017 చట్టం ఈ వైద్యాన్ని హక్కుగా రాసింది. ఇక రావలసినది బడ్జెట్టులో పద్దు: తాలూకా ఆసుపత్రిలో వ్యసన చికిత్సకు మంచాలు, నెలనెలా ఆగకుండా మందులు, రోగి ఇంటి భాష అర్థమయ్యే సలహాదారు. మద్యం ఆదాయంలోంచే ఇందుకొక వాటా విడిగా తీసి పెట్టమని మీ శాసనసభ్యుణ్ణి అడగండి.