షిఫ్ట్ దిగని కణాలు

ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన గౌట్ చరిత్ర ఇక్కడ రాస్తున్నా.

రెండేళ్ళ కింద టెక్సాస్ సైట్‌లో ఉండగా ఒక రాత్రి నా కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినట్టుండేది. బెణికిందనుకుని నాలుగు రోజులు నొప్పి బిళ్ళలు మింగి పనికి పోయాను. అది బెణుకు కాదు, గౌట్. మన పాత వైద్యంలో వాతరక్తం అంటారు.

రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువైతే కీళ్ళలో సూదుల్లాంటి స్ఫటికాలు పేరుకుంటాయి. గౌట్ ఉన్నవాళ్ళ కీలు నీటిలో వాటిని గుర్తుపట్టే పద్ధతిని 1961లో చూపించింది ఫిలడెల్ఫియా డాక్టర్లు డేనియల్ మెకార్టీ, జోసెఫ్ హాలండర్. ప్రత్యేకమైన మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. ఈరోజుకీ పక్కా పరీక్ష అదే. ఆ తర్వాత మెకార్టీ, ఇంకో డాక్టర్ ఫెయిర్స్ ఏకంగా తమ మోకాళ్ళలోకే ఆ స్ఫటికాలను ఎక్కించుకున్నారు! కొన్ని గంటల్లోనే మోకాళ్ళు వాచి మంటెత్తాయి. ఆ సంగతి 1962లో అచ్చయింది.

కానీ ఒక చిక్కు. కొందరి కీళ్ళలో స్ఫటికాలున్నా నొప్పి ఉండదు. మరి మంట పెట్టేదెవరు? మన సొంత కణాలే.

2006లో నేచర్ పత్రిక ఒకే సంచికలో దీనికి జవాబు దొరికింది. స్విట్జర్లాండ్ బృందం, ఈ స్ఫటికాలు కణాల లోపలి NLRP3 అనే అలారం మోగిస్తాయని చూపించింది. అదే సంచికలో, అదే అలారాన్ని బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ కూడా మోగిస్తుందని చూపించిన పరిశోధకురాలు మన తెలంగాణ ఆడబిడ్డ, కొత్తగూడెం నుంచి వచ్చిన కన్నెగంటి తిరుమలాదేవి. అప్పుడామె మిచిగన్‌లో ఉన్నారు, తర్వాత మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రికి వెళ్ళారు.

అలారం మోగగానే ఇంటర్‌ల్యూకిన్-1 అనే కబురు వెళ్తుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా దిగుతాయి. మామూలుగా వాటి ఆయుష్షు చాలా తక్కువ, పని కాగానే చచ్చిపోవాలి. కానీ 1990ల చివర్లో తేలిందేంటంటే, ఈ స్ఫటికాలు తగిలితే వాటి చావు వాయిదా పడుతుంది. షిఫ్ట్ అయిపోయినా సైట్ దిగని క్రూ లాగన్నమాట. ఉన్నంతసేపూ మంట రేపే రసాయనాలు వదులుతూనే ఉంటాయి, ఇంకొందరిని పిలుస్తాయి. చివరికి అవి చచ్చి, మాక్రోఫేజ్ అనే కణాలు వాటిని మింగి శుభ్రం చేశాక మంట చల్లారుతుంది. మందు లేకపోయినా వారం, రెండు వారాల్లో నొప్పి తగ్గేది అందుకే.

నేను మోసపోయింది అక్కడే. నొప్పి పోతే రోగం పోయిందనుకున్నా. క్రూ దిగింది గానీ సూదులు కీలులోనే ఉన్నాయి, మూడు నెలలకు మళ్ళీ వచ్చింది.

అందుకే చెప్తున్నా. ఎండలో పనిచేసేటప్పుడు నీళ్ళు మానకండి. నొప్పి బిళ్ళలతో నెట్టుకురాకండి, కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పి సమయంలో యూరిక్ యాసిడ్ రిపోర్టు నార్మల్ రావచ్చు, అది చూసి నిశ్చింతగా ఉండకండి. నొప్పి తగ్గాక కూడా ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి. సెలవు దొరకదని నాకూ తెలుసు, కానీ కాలు పోతే పనీ పోతుంది కదా.